పిట్ట కొంచెం, చెడ్డీ ఘనం

మా చిట్టికి ఎడమ చేయి ఎప్పుడూ ఖాళీ ఉండదు. హాల్లో పరుగెత్తినా, బాల్కనీలో పావురాలను అదిలించినా, తాతయ్య చదువుతున్న పేపరు లాగి చించినా అన్నీ కుడిచేత్తోనే. ఎడమ చేయి పిడికిలి బిగించి చెడ్డీ అంచు పట్టుకుని ఉంటుంది. వదిలితే జారిపోతుంది మరి. డైపరు మాన్పించి చెడ్డీ తొడిగిన మొదటి రెండు రోజులూ చూసి నవ్వుకున్నాం. వీడియో తీసి గుంటూరులో ఉన్న మా అమ్మకు పంపితే ఆవిడ ఇరుగుపొరుగు అందరికీ చూపించింది. నాలుగో రోజున అది అలాగే పిడికిలి విప్పకుండా కింద కూర్చుని, రంగు పెన్సిళ్ళ డబ్బా మూత ఒంటిచేత్తో తీయబోయింది. రాలేదు. మూత వంక చూసింది, పిడికిలి వంక చూసింది, ఏది వదలాలో తేల్చుకోలేక ఏడ్చేసింది. ఆ తరవాత మళ్ళీ ఆ వీడియో చూడబుద్ధి కాలేదు.

చిట్టికి రెండేళ్ళ రెండు నెలలు. బరువు 9 కిలోల 600 గ్రాములు. నడుము 43 సెంటీమీటర్లు, అంటే టైలరు టేపు మీద 17 అంగుళాలకు వెంట్రుకవాసి తక్కువ. నెలలు నిండకుండా పుట్టింది, చిన్నగా పుట్టింది, చిన్నగానే పెరుగుతోంది. మూడు పూటలా తింటుంది, నాలుగో పూట అడిగి మరీ తింటుంది. అంగన్‌వాడీలో ఆడపిల్లల గులాబీ రంగు పట్టిక మీద దాని చుక్క ఆకుపచ్చ భాగంలోనే పడుతోంది. అడుగు అంచున పడుతోంది, అయినా ఆకుపచ్చే. ఈ సంగతి ప్రతి పెళ్ళిలోనూ, ప్రతి వ్రతంలోనూ ఎవరో ఒకరికి విన్నవించుకోవడం నాకు అలవాటైపోయింది కాబట్టి ఇక్కడ కూడా విన్నవించుకుని అసలు విషయానికి వస్తాను.

ఒళ్ళు చిన్నదైనా పిల్ల తన పని తాను తెలుసుకుంది. ఫిబ్రవరి నుంచే మధ్యాహ్నం నిద్ర లేచేసరికి డైపరు పొడిగా ఉంటోంది. రెండు గంటలు ఆపుకోగలుగుతోంది. ‘సుస్సు’ అని అందరికీ ప్రకటించి, తలుపు చాటుకు వెళ్ళి నిలబడి, డైపరులోనే పని కానిచ్చుకుని తాపీగా తిరిగి వస్తోంది. డైపరు మాన్పించడం గురించి పిల్లల డాక్టరును అడిగితే, “నేర్పడానికి బరువు చూడనక్కర్లేదమ్మా, పాప చెబుతున్నది వినండి చాలు” అన్నారు. వేసవి కూడా దగ్గరపడింది. బెజవాడ ఎండలు ఇంకెందుకు పనికొచ్చినా రాకపోయినా ఈ పనికి మాత్రం దివ్యంగా పనికొస్తాయి. తడిసిన గుడ్డ అరగంటలో ఆరుతుంది, తుడిచిన గచ్చు మనం లేచి నిలబడేలోపే ఆరుతుంది. పైగా మే నెలలో డైపరు కట్టిన పిల్ల తొడల సందున చెమటకాయలు చూసిన తల్లి ఎవరైనా ఆ డైపరు ఎప్పుడు వదిలిద్దామా అనే చూస్తుంది.

అలా ఏప్రిల్‌లో ఒక సాయంత్రం ఎండ తగ్గాక బీసెంట్ రోడ్డుకు బయలుదేరాను. ఏలూరు రోడ్డు వైపు నుంచి మొదలుపెట్టి బందరు రోడ్డు దాకా రెండు పక్కలా చూసుకుంటూ వెళ్ళాను. బీసెంట్ రోడ్డులో దొరకని వస్తువు తయారే కాలేదని మా అత్తయ్య నమ్మకం. గొడుగు కింద బల్ల వేసుకుని పిల్లల బనియన్లు, లాగులు అమ్ముతున్న ఒకాయన దగ్గర ఆగాను.

“ఎన్నేళ్ళ పాపకమ్మా?”

“రెండు దాటాయి.”

ఆయన చేయి తనంతట తానే ఒక కట్ట మీదికి వెళ్ళింది. విప్పి గాలిలో పట్టుకుంటే ఒక్కో కాలి సందులోంచీ చిట్టి తల దూరేలా ఉంది. ఇంకా చిన్నది అడిగాను, తీశారు. ఇంకా చిన్నది అడిగాను. ఆయన నన్నొకసారి ఎగాదిగా చూసి, “అంతకంటే చిన్నపిల్లలకు డైపర్లే కదమ్మా వేస్తారు?” అన్నారు. వెటకారం కాదు, నిజంగానే అడిగారు. ఈ వ్యాసమంతా ఆ ప్రశ్నకు నేను అప్పుడు చెప్పలేకపోయిన జవాబు.

ఆ సాయంత్రం ఎన్ని దుకాణాలు ఎక్కి దిగానో లెక్క పెట్టుకోలేదు. అసలు ఆ వస్తువును ఏమని అడగాలన్నదే ఒక సమస్య. చెడ్డీ అంటే ఒకచోట నిక్కరు చూపించారు. డ్రాయరు అంటే మగపిల్లలవి తీశారు. బ్లూమరు అంటే మాత్రం చిన్న సైజులు బయటికి వచ్చాయి, నా ప్రాణం లేచి వచ్చింది. ఇంటికి తెచ్చి వేసి చూస్తే వెనక సంచి వేలాడుతోంది. అప్పుడు తట్టింది. ఏడాది, ఏడాదిన్నర పిల్లలకని కుట్టే బ్లూమరును డైపరు పైన తొడగడానికే కుడతారు. లోపల డైపరు ఉంటుందన్న లెక్కతో పిరుదుల దగ్గర గుడ్డ వదులుతారు. డైపరు మానేసిన పిల్లకు అది వేస్తే సంతకు తీసుకెళ్ళే సంచీలా ఉంటుంది. రెండేళ్ళ లోపు సైజులు డైపరు పైకి, రెండేళ్ళ పై సైజులు పెద్ద ఒంటికి. ఈ రెంటి మధ్య ఒక సందు ఉంది. మా పిల్ల సరిగ్గా ఆ సందులో నిలబడి ఉంది.

మర్నాడు కాలువ దాటి వన్ టౌన్‌లో వస్త్రలత దాకా వెళ్ళాను. అక్కడివి టోకు దుకాణాలు, లెక్క డజన్లలో. ఒక్క సైజు కోసం కట్ట విప్పమనడం మర్యాద కాదని నాకూ తెలుసు, అయినా అడిగాను. ఒకాయన విప్పారు కూడా, ఆయనకు నమస్కారం. అందులోనూ అంత చిన్నది లేదు. ఆన్‌లైన్‌లో తెప్పించినవి ఇంకో కథ. లోదుస్తులు వాపసు తీసుకోరు కాబట్టి ప్రతి ప్రయత్నం సొరుగులో ఒక కొత్త ప్యాకెట్టుగా మిగిలింది. గుంటూరులో మా అమ్మ పట్నంబజారంతా గాలించి అర డజను కొని పంపింది. ఫోనులో గర్వంగా, “కాస్త పెద్దవేనే, ఎదిగే పిల్ల కదా, వచ్చే ఏడాదికి కూడా పనికొస్తాయి” అంది. వచ్చే ఏడాదికే పనికొస్తాయి.

ఒక రాత్రి నాకు మొండితనం వచ్చి, మూడు వేర్వేరు కంపెనీల ప్యాకెట్లు ముందేసుకుని టేపుతో కొలిచాను. మూడింటి మీదా ‘2–3 ఏళ్ళు’ అనే ఉంది. సాగదీయకుండా నడుము చుట్టుకొలత ఒకటి 44 సెంటీమీటర్లు, ఒకటి 47, ఒకటి 51. చిట్టి నడుము 43 అని చెప్పాను కదా. ఎలాస్టిక్ నిలబడాలంటే అది ఒంటికంటే ఓ నాలుగైదు సెంటీమీటర్లు చిన్నదిగా ఉండి, వేసుకున్నప్పుడు సాగి పట్టుకోవాలి. ఒంటికంటే పెద్ద ఎలాస్టిక్‌కు పట్టు ఎక్కడ ఉంటుంది? నడుము సంగతి సరే, తొడల దగ్గర మరీ అన్యాయం. నా వేళ్ళు మూడు దూరేంత ఖాళీ. అది వేసిన మొదటి రోజు ఆలస్యంగా గుర్తొచ్చి నిలబడ్డ చోటే పోసేసింది. గచ్చంతా తడి, కాళ్ళంతా తడి, చెడ్డీ మాత్రం పొడిపొడిగా ఉంది!

నవ్వులాటకు అనడం లేదు. ఈ వయసులో చెడ్డీ చేయవలసిన ముఖ్యమైన పనే అది. తడవాలి. తడిసి ఒంటికి అంటుకుని, ఇదిగో ఇప్పుడు నువ్వు పోసుకున్నావు అని పిల్లకు చెప్పాలి. డైపరు ఆ మాట చెప్పదు. 1980ల నుంచి డైపర్లలో వాడుతున్న సోడియం పాలీయాక్రిలేట్ పొడి తన బరువుకు ఎన్నో రెట్ల నీటిని పీల్చుకుని జిగురులా బిగుసుకుంటుంది, పిల్ల ఒంటికి తడి తెలియనివ్వదు. రాత్రి నిద్రకు అది వరమే, కాదనను. నేర్చుకునే పిల్లకు మాత్రం అదొక మూత. తడి తెలియాలంటే నూలు గుడ్డ కావాలి, ఆ గుడ్డ ఒంటిని తాకి ఉండాలి, తాకాలంటే సైజు సరిపోవాలి. చెడ్డీ సైజు గురించి ఇంత రాద్ధాంతం ఎందుకని మా ఆయన అడిగినప్పుడు ఇదే చెప్పాను. ఆయన తలూపి, “గౌను కింద ఎవరికి కనిపిస్తుందిలే అనుకున్నాను” అన్నారు. చాలామంది అలాగే అనుకుంటారు.

అదే రాత్రి సొరుగులో ఇంకా మిగిలి ఉన్న డైపరు ప్యాకెట్టు కంటపడింది. దాని మీద వయసు లేదు. ఎం సైజు 7 నుంచి 12 కిలోలు, ఎల్ సైజు 9 నుంచి 14 కిలోలు అని ఉంది. ఇన్నాళ్ళూ ఎన్ని ప్యాకెట్లు కొన్నానో, ఒక్కసారీ గమనించలేదు. డైపరు అమ్మేవాడు పిల్ల బరువు అడుగుతాడు. చెడ్డీ అమ్మేవాడు పిల్ల వయసు అడుగుతాడు. నిన్నటిదాకా కిలోల లెక్కన అన్నీ చక్కగా అమిరిన పిల్ల, డైపరు విప్పిన మర్నాడే ఏళ్ళ లెక్కన దేనికీ సరిపోని పిల్ల అయిపోయింది.

వయసు ఎంత పనికిమాలిన కొలతో చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశం సహా ఆరు దేశాల పిల్లలను ఏళ్ళ తరబడి కొలిచి 2006లో ఎదుగుదల ప్రమాణాలు ప్రకటించింది. మన అంగన్‌వాడీ పట్టికలు కూడా వాటినే అనుసరిస్తాయి. వాటి ప్రకారం సరిగ్గా రెండేళ్ళు నిండిన ఆడపిల్లల్లో సగం మంది 11.5 కిలోలకు పైన, సగం మంది కింద ఉంటారు. కానీ 9 కిలోల పిల్ల కూడా మామూలు పరిధిలోనే ఉన్నట్టు, 14.8 కిలోల పిల్ల కూడా మామూలు పరిధిలోనే ఉన్నట్టు. ఒకే రోజున పుట్టిన ఇద్దరు ఆరోగ్యవంతులైన పిల్లల్లో ఒకరు రెండోవారికి ఒకటిన్నర రెట్లకు పైగా ఉండవచ్చన్నమాట. ఆ ఇద్దరికీ కలిపి ఒకే చెడ్డీ కుట్టి, పైన ‘2–3 ఏళ్ళు’ అని అచ్చు వేసి, దాన్ని సైజు అంటున్నాం.

మన ఒళ్ళకు మన కొలతలే లేవన్న బాధ పెద్దవాళ్ళ బట్టలకూ ఉంది. అందుకే కేంద్ర జౌళి శాఖ అండతో, ఫ్యాషన్ చదువులు చెప్పే నిఫ్ట్ సంస్థ ‘ఇండియాసైజ్’ పేరుతో పెద్ద సర్వే చేపట్టింది. ఆరు నగరాల్లో 25,000 మందికి పైగా మనుషులను త్రీడీ స్కానర్లతో కొలిచి మన దేశానికంటూ ఒక సైజుల పట్టిక తయారు చేయాలన్నది ఆలోచన. ఎంతో ఆశగా వివరాలు చదివాను. వయసు పరిమితి 15 నుంచి 65 ఏళ్ళు. చిట్టికి ఇంకా పదమూడేళ్ళు ఆగాలి.

దుకాణదారుల తరఫున ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. చిన్న చెడ్డీకి గుడ్డ కాస్త తగ్గుతుంది గానీ పని తగ్గదు. అవే కుట్లు, అవే మూడు ఎలాస్టిక్‌లు, అదే మడత. పైగా చిన్న సందుల్లో మిషను తిప్పడం ఇంకా కష్టం. ధర మాత్రం పెద్దదానితో సమానంగా పెడితే, “ఇంత పీలికకు ఇంత ధరా?” అంటాం మనమే. అందుకే అది ఎవరూ తెప్పించరు, తెప్పించరు కాబట్టి ఎవరూ అడగరు, అడగరు కాబట్టి బనియన్లూ చెడ్డీలూ కుట్టే తమిళనాడు ఊరు తిరుపూరులో ఎవరూ కుట్టరు.

అసలు దోషం మనలో ఉందని నా అభిప్రాయం. ‘ఎదిగే పిల్ల’ అన్న మాటలో ఉంది. పరికిణీకి కింద రెండు మడతలు వేయించి కుట్టించుకుని, ఏడాదికో మడత విప్పుకుంటూ పెరిగినదాన్ని నేను. స్కూలు యూనిఫారం భుజాలు ఏడో తరగతిలో గానీ నాకు సరిపోలేదు, అది ఐదో తరగతిలో కొన్నది. ఆ పొదుపును తప్పు పట్టను. గౌను పెద్దదైతే గౌను పెద్దదిగా ఉంటుంది, అంతే. కానీ చెడ్డీ రేపటి ఒంటికి కొనే వస్తువు కాదు. నేర్చుకునే ఆ నెలో రెండు నెలలో దానితో పని. నీళ్ళ బిందెకు మూత కొంటూ వచ్చే ఏడాదికి బిందె ఎదుగుతుందిలే అని పెద్దది కొనం కదా.

ఇంకో వాదన కూడా విన్నాను, మా ఆఫీసులో. “కాస్త ఒళ్ళు చేశాక నేర్పవచ్చు కదా, తొందరేమిటి? సైజులు కూడా దొరుకుతాయి.” వినడానికి మెత్తగా ఉంటుంది గానీ దీని అర్థం విప్పితే, చెడ్డీకి పిల్ల సరిపోయే దాకా డైపరు కట్టమని. అమెరికాలో టి. బెర్రీ బ్రాజెల్టన్ అనే పిల్లల వైద్యుడు 1,170 మంది పిల్లల వివరాలు ముందు పెట్టుకుని 1962లో ఒక వ్యాసం రాశారు. పిల్ల సిద్ధమయ్యాకే నేర్పండి, బలవంతపెట్టకండి అన్నది దాని సారం. చాలా మంచి మాట. 1990ల చివర బాగా ఎదిగిన పిల్లల కోసం మరో పెద్ద సైజు డైపరు మార్కెట్లోకి వచ్చినప్పుడు, దాని ప్రకటనలో కనిపించినదీ ఆయనే. అప్పట్లో దాని మీద అక్కడ పెద్ద దుమారమే రేగింది. నాకు ఆయన మాటతో పేచీ లేదు. ‘సిద్ధం’ అన్న మాటను మనం ఒకవైపే లాగుతున్నామని నా పేచీ. సిద్ధంగా లేని పెద్ద పిల్లకు పెద్ద డైపరు వెంటనే పుట్టుకొస్తుంది. సిద్ధంగా ఉన్న చిన్న పిల్లకు చిన్న చెడ్డీ మాత్రం పుట్టదు.

మా అత్తయ్యకు ఈ చర్చంతా వినోదం. ఆవిడ దృష్టిలో రెండేళ్ళ పిల్లకు చెడ్డీ అన్నదే దండగ. “మీ ఆయనకు మూడేళ్ళు వచ్చేదాకా ఒంటి మీద మొలతాడు తప్ప ఏముంది? కాళ్ళ మీద కూర్చోబెట్టుకుని ష్ ష్ అంటే ఏడో నెలలోనే పోసేవాడు.” మా ఆయన ఆ మాటలు వినపడనట్టు ఫోను చూసుకుంటున్నారు. అత్తయ్య తన పెట్టె తీసి, తాను చిన్నప్పుడు కట్టుకున్న వెండి సిగ్గుబిళ్ళ చూపించారు. రావి ఆకు ఆకారం, అంచున చిన్న చిన్న చుక్కలు, పైన మొలతాడు దూర్చే కొక్కెం. అరచేతిలో పెట్టుకుని చూస్తుంటే నాకు ఒక సంగతి తట్టింది. కంసాలి దాన్ని పిల్లను చూసి చేశాడు. మొలతాడు కూడా అంతే. పిల్ల నడుముకు చుట్టి, రెండు వేళ్ళు వదిలి ముడి వేస్తాం. ఈ పిల్లకెన్నేళ్ళు అని మొలతాడు అమ్మేవాడు ఎప్పుడైనా అడిగాడా?

బోసిగా వదలడం గురించి ఆవిడ అన్నదాంట్లో సగం నిజం. మొదటి ఐదు రోజులు చిట్టిని అలాగే వదిలాను, అన్నిటికంటే తొందరగా నేర్చుకున్నది ఆ ఐదు రోజుల్లోనే. కానీ నేను ఉద్యోగానికి వెళ్ళాలి, అది శిశు సంరక్షణ కేంద్రానికి వెళ్ళాలి. అక్కడివాళ్ళ నిబంధన ఒకటే: డైపరైనా ఉండాలి, చెడ్డీ అయినా ఉండాలి. సిగ్గుబిళ్ళ అని నిబంధనల్లో లేదు.

“అయితే బొందు లాగు కుట్టిద్దాం” అన్నారు అత్తయ్య. సైజు సమస్య ఒక్క దెబ్బతో తీరింది. బొందు ఎంత లాగితే అంత సైజు, ఏ నడుముకైనా సరే. చిట్టి రెండు చేతులూ వదిలి పరుగెత్తడం చూసి ఇంటిల్లిపాదీ మురిసిపోయాం. రెండు గంటల తరవాత “సుస్సు, సుస్సు” అని అరుస్తూ బాత్‌రూము ముందుకు వచ్చి, బొందు కొస పట్టుకుని తనే లాగింది. లాగకూడని కొస లాగింది. ముడి బిగిసింది. నేను పరుగెత్తి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, గోళ్ళతో, చివరికి పళ్ళతో ఆ ముడి విప్పే ప్రయత్నంలో ఉండగానే అయిపోయింది. అది నా నెత్తి మీదుగా గోడ వంక చూస్తూ నిలబడింది. దాని తప్పేమీ లేదు. సమయానికి చెప్పింది, సమయానికి వచ్చింది. ఆపింది మేము కట్టిన ముడి.

అందుకే పాతదంతా బంగారమని కూడా నేను అనను. బొందు లాగు పిల్లకు తొడిగేది పెద్దవాళ్ళు, విప్పేది కూడా పెద్దవాళ్ళు. ఇప్పుడు కావలసింది పిల్ల తానే కిందికి లాగి, తానే పైకి లాక్కోగలిగినది. జారకూడదు, బిగియకూడదు. రెండేళ్ళ వేళ్ళకు లొంగాలి.

మా వీధి చివర చీరలకు ఫాల్, పీకో వేసే ఆవిడ ఉన్నారు. మామూలు టైలరు దగ్గరికి కాకుండా అక్కడికి వెళ్ళడానికి కారణం ఉంది. బనియన్ గుడ్డ సాగుతుంది. మామూలు మిషను మీద తిన్నగా కుట్టు వేస్తే గుడ్డ సాగినప్పుడు దారం పుటుక్కున తెగుతుంది. వంకర టింకరగా వేసే పీకో కుట్టు అయితే గుడ్డతో పాటు అదీ సాగుతుంది. ఆవిడ అంతా విని, “సరే, ఆది ఇవ్వండి” అన్నారు.

జాకెట్టుకైతే ఆది జాకెట్టు ఇస్తాం. సరిపోయే చెడ్డీ ఒక్కటి నా దగ్గర ఉంటే ఆదిగా ఇచ్చేదాన్ని, ఉంటే అసలు అక్కడికి ఎందుకు వెళ్తాను? ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. అప్పుడు నా సంచీలో దారిలో అవసరానికని పెట్టుకున్న ఎం సైజు డైపరు గుర్తొచ్చింది. ఆవిడ దాన్ని తీసుకుని, పక్కలు చింపి, సాగదీసి బల్ల మీద పరిచి, నాలుగు మూలలా పిన్నీసులు గుచ్చి, చుట్టూ సుద్దముక్కతో గీశారు. లోపలి దూది మందానికి వదిలినంతా లోపలికి తగ్గించి, తొడల దగ్గర వంపు సరిచేసి, అట్ట కాగితం మీద కటింగు తీశారు. అలా డైపరు వదిలించే చెడ్డీకి డైపరే ఆది అయింది.

గుడ్డ మామయ్య ఇచ్చారు. ఏళ్ళ తరబడి ఉతికి వెన్నలా మెత్తబడ్డ బనియన్లు నాలుగు. ఇస్తూ ఆయన పురాణం ఎత్తారు: “వామనుడికి వడుగు చేసినప్పుడు ఆకాశం గొడుగు ఇచ్చింది, భూదేవి జింక చర్మం ఇచ్చింది, కుబేరుడు భిక్షాపాత్ర ఇచ్చాడు. గోచీ మాత్రం కన్నతల్లే ఇచ్చింది. అంత చిన్నది ఇంకెవరి దగ్గర దొరుకుతుందమ్మా?” బనియన్లు తాతయ్య ఇచ్చారన్న సంగతి పురాణంలో లేకపోవడం ఆయనకు కొంచెం లోటుగానే తోచినట్టుంది.

నాలుగు బనియన్లలో తొమ్మిది చెడ్డీలు వచ్చాయి. మీలో ఎవరికైనా పనికొస్తుందని కొలతలు చెబుతున్నాను. నడుముకు పావు అంగుళం వెడల్పు మెత్తటి ఎలాస్టిక్, పొడవు 15 అంగుళాలు, అంటే నడుముకంటే రెండు తక్కువ. అంతకంటే తగ్గిస్తే ఎర్రటి గీత పడుతుంది, పైగా పిల్ల కిందికి లాగలేదు. తొడ చుట్టుకొలత తొమ్మిదింపావు ఉంటే ఎలాస్టిక్ 9 అంగుళాలు చాలు, అక్కడ పట్టు వద్దు, తాకి ఉంటే చాలు. మధ్యలో గుడ్డ రెండు పొరలు వేయించాను. మెత్త దట్టించిన ట్రైనింగ్ చెడ్డీలు బజారులో ఉన్నాయి, నేనూ ఒకటి కొన్నాను, నాకు నచ్చలేదు. అది వేసుకుంటే చిట్టి డైపరు వేసుకున్నట్టే కాళ్ళు ఎడం చేసి నడిచింది, డైపరు వేసుకున్నట్టే తలుపు చాటుకూ వెళ్ళింది. రెండు పొరల పల్చటి గుడ్డ అయితే పోసిన వెంటనే తెలుస్తుంది. ముందువైపు నడుము మీద ఎర్ర దారంతో ఒక చుక్క కుట్టించాను, ఏది ముందో ఏది వెనకో దానికి తెలియడానికి. ఒక్కో చెడ్డీకి కుట్టుకూలి 30 రూపాయలు, మూడు డైపర్ల ఖర్చు.

వేసిన మొదటి రోజు అలవాటు పోలేదు. ఎడమ పిడికిలి అలాగే నడుము దగ్గర ఉంది, పట్టుకోవలసిన అవసరం లేకపోయినా. సాయంత్రానికి ఒకసారి మరిచిపోయి వదిలింది. జారలేదు. ఆగి, కిందికి చూసుకుంది. చేయి మళ్ళీ పెట్టింది, మళ్ళీ తీసింది. తరవాత రెండు చేతులతోనూ పెన్సిళ్ళ డబ్బా ఎత్తి నేల మీద గుమ్మరించింది.

తొమ్మిదీ ఉతికి తీగ మీద ఆరేస్తే పక్క ఫ్లాటు పిన్నిగారు చూసి, బొమ్మకు కుట్టించారా అని అడిగారు. వాళ్ళ మనవడు కూడా ‘కొంచెం పీలగా’ ఉంటాడట, వాడికీ ఇలాగే పిడికిలి అలవాటట. ఆ మాట వాళ్ళింట్లో ఎవరూ బయటికి అనలేదు, పిల్లవాడు ఎదగడం లేదని అనుకుంటారని. అవునుగదా మరి. చెడ్డీ జారితే మనం చెడ్డీని అనం, పిల్లను అంటాం.

పోయిన వారం మరో అర డజను కుట్టించడానికి పీకో ఆవిడ దగ్గరికి వెళ్ళాను. చిట్టి కటింగును పారేయకుండా గోడకు మేకు కొట్టి తగిలించారు. అప్పటికే ఇద్దరు వచ్చి అడిగి వెళ్ళారట. “దీని మీద ఏమని రాయమంటారు? ఎన్నేళ్ళ సైజు?” అని స్కెచ్ పెన్ను తీశారు. ఏళ్ళు వద్దు, నడుము 17 అంగుళాలు అని రాయండి చాలు అన్నాను. అలాగేనని రాశారు. రాసి, ఒక్క క్షణం ఆలోచించి, పక్కనే చిన్న అక్షరాలతో ‘2 ఏళ్ళు’ అని కూడా చేర్చారు. అడిగేవాళ్ళందరూ వయసే అడుగుతారట.